ఆదివారం మర్నాడు

లాగ్ 1902. గురువారం.

పొద్దున ఆరింటికి గొంతుల గది తాళం తీశాను. ఇరవై మూడు పెట్టెలకీ పొడిగుడ్డతో ఉప్పు తుడిచాను. సముద్రం కట్ట దాకా వచ్చాక ఇక్కడ తుడవకుండా వదిలేస్తే వారం తిరక్కుండా మనిషికి కూడా తుప్పు పట్టేట్టుంది. నాలుగు మూలల్లో ఉన్న కుండల్లో నీళ్ళు నింపాను. గది చల్లగా లేకపోతే పోయినవాళ్ళు తప్పులు మాట్లాడతారు. బతికున్నవాళ్ళం చల్లగా ఉన్నా మాట్లాడతాం.

ఏడింటికి శాఖ నుంచి ప్రశ్నలొచ్చాయి. ఎప్పట్లాగే మూడు. సాంకేతికం ఒకటి, రాజకీయం ఒకటి, వినోదం ఒకటి. పెట్టె పెట్టెనీ అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసి పంపాను. మా కట్ట కాలనీలో పోయినవాళ్ళ ఓటుకి బతికున్నవాళ్ళ ఓటుతో సమానంగా విలువ. బతికున్నన్నాళ్ళూ ప్రతి మనిషీ రోజూ పొద్దున ఈ మూడు విషయాల మీద తన పెట్టెతో పావుగంట మాట్లాడాలి. మనిషి పోయాక పెట్టె ఆ గొంతుతో మాట్లాడుతుంది. అందుకే ఎన్నికలప్పుడు నాయకులు దండలు పట్టుకుని ముందు ఈ గదికే వస్తారు. దండ వేస్తే పెట్టె వేడెక్కుతుంది కాబట్టి నేను వాటిని వాకిట్లోనే తీసుకుని మేకలకి వేస్తాను. నాకు తెలిసి రాజకీయాల వల్ల నేరుగా లాభపడింది ఆ మేకలే.

పదహారో పెట్టె మా ఆవిడ, పేరిందేవి. పోయి రెండేళ్ళు దాటింది.

వినోదం కింద ఇవాళ్టి ప్రశ్న: ఎవరికి వాళ్ళకి వేరే సినిమా తీసిపెట్టే యంత్రం కాలనీకి కావాలా?

"అక్కర్లేదు," అంది పదహారో పెట్టె. "ఎవరి సినిమా వాళ్ళదైతే ఇంక అరుగు మీద కూచుని ఏం మాట్టాడుకుంటాం? పక్కింటావిడ ఏడవని చోట నేనొక్కదాన్నే కూచుని ఏడవటానికి నాకేం పట్టింది?"

సాంకేతికం కింద: మొహం చూసి తెరుచుకునే తలుపులు మంచివేనా?

"మంచియ్యే. పేకాట నించి వచ్చిన మొహం చూసి తెరుచుకోకుండా ఉండేవైతే ఇంకా మంచియ్యి."

రాసి పంపాను. కింద 'గది చూసుకునేవారి అభిప్రాయం' అని ఓ గడి ఉంటుంది. అందులో, పేకాట మానేసి నాలుగేళ్ళయిందని రాశాను. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

సాయంత్రం సర్క్యులర్ వచ్చింది. గొంతులన్నిటికీ పరీక్ష. అడిగేవి మూడే: పేరేమిటి, కాలనీ ఏది, ఈ రోజు ఏ వారం. మూడూ చెబితే పాస్, మళ్ళీ ఆరు నెలలకి. ఒకటి తప్పినా ఆ పెట్టెని 'సర్దుబాటు' చేస్తారు. అంటే దాని మాటల్లో ఉన్న లోపాలని నలుగురి మాటలతో పూడుస్తారు. ఆ నలుగురూ ఎవరో రాయలేదు.


లాగ్ 1904. శనివారం.

పరీక్షకి శాఖ నుంచి ప్రియంవద మేడం వచ్చింది. మంచి మనిషి, చెప్పులు బయట విడిచింది. ఇవాళ ఒకటి నుంచి ఎనిమిది దాకా.

ఐదో పెట్టె దావీదు తాత. పడవ నడిపేవాడు. ఆయన కొడుకు యాకోబూ నేనూ ఒకే పలక మీద కొట్టుకుని ఐదో తరగతి దాకా చదువుకున్నాం. దావీదు తాత బతికుండగా దేనికీ తిన్నగా జవాబు చెప్పినవాడు కాదు.

"మీ పేరు చెప్పండి," అంది మేడం.

"నా పేరుతో నీకేం పనమ్మాయ్? సంబంధం ఏవన్నా తెచ్చావా?"

మేడం నవ్వింది. ఆమె చేతిలో ఉన్న పరికరం నవ్వలేదు. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ తాత సంబంధం సంగతే అడిగాడు, మూడోసారి పిల్ల ఎత్తు కూడా. ఎర్ర దీపం వెలిగింది. సర్దుబాటుకి నలభై నిమిషాలు పట్టింది.

యాకోబు ప్రతి శనివారం బీడీ వెలిగించి పెట్టె ముందు పెడతాడు. ఇవాళా తెచ్చాడు.

"నాన్నా, బీడీ తెచ్చా."

"శుభోదయం. నా పేరు దావీదు. పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం. మీ ప్రశ్నకి ధన్యవాదాలు."

గొంతు తాతదే. యాకోబు బీడీ గోడకి నలిపి జేబులో వేసుకున్నాడు.

"ఈయనెవరు సోమన్నా?" అన్నాడు.

రికార్డు ప్రకారం దావీదే అని చెప్పాను. హాస్యానికి అన్నాను గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు.


లాగ్ 1906. సోమవారం.

తొమ్మిది నుంచి ఇరవై మూడు దాకా వచ్చే సోమవారం పరీక్ష. ముందే ఒకసారి చూసుకుందామని పెట్టెలన్నిటినీ నేనే అడిగాను.

"నీ పేరు?"

"పేరిందేవి. మర్చిపోయారా?"

"కాలనీ?"

"కట్ట కాలనీ."

"ఇవాళ ఏ వారం?"

"ఆదివారం మర్నాడు."

అక్కడ ఆగిపోయాను. ముప్ఫై ఏళ్ళుగా వింటున్న మాట. చెవి దాన్ని ఎప్పుడో సోమవారం కింద జమ వేసుకుని నాకు చెప్పడం మానేసింది.

నా పేరు సోమలింగం. మొగుడి పేరు పెళ్ళాం నోటితో అనకూడదని వాళ్ళమ్మ చెప్పి పంపింది. పెళ్ళయ్యి గుమ్మం ముందుకొచ్చినప్పుడు మా అక్కచెల్లెళ్ళు ముగ్గురూ చేతులు అడ్డం పెట్టి, పేరు చెబితేగానీ లోపలికి రానివ్వం అన్నారు. అరగంట నిలబడింది. బియ్యం చెంబు తన్నాల్సిన కాలు తిమ్మిరెక్కింది. చివరికి "ఆదివారం మర్నాడు పేరు పెట్టుకున్నాయన" అనేసి, వాళ్ళు నవ్వుతుండగా చేతుల కింద నుంచి దూరి వచ్చేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో వారానికి ఆరు రోజులూ ఒక మర్నాడూ.

సోమవారమే కాదు. నన్ను 'సోమరిపోతు' అని కూడా ఎప్పుడూ అనలేదు. బద్ధకిష్టి అనేది, మొద్దు అనేది, గుంజ అనేది. నాకు సరిగ్గా సరిపోయే ఆ ఒక్క మాటనీ నాకోసమే వదిలేసుకుంది.

పన్నెండేళ్ళు ఈ పెట్టెతో మాట్లాడింది. ఆరొందల పైచిలుకు సోమవారాలు. ఒక్కటీ పెట్టెలోకి పోలేదు.


లాగ్ 1907. మంగళవారం.

ప్రియంవద మేడంకి ఫోన్ చేశాను.

"పదహారో పెట్టెకి పరీక్ష మంగళవారం పెట్టడానికి కుదురుతుందాండీ?"

"ఎందుకండీ?"

"మా ఆవిడకి సోమవారం పడదండి."

"ఉపవాసమా?"

"అలాంటిదేనండి. నోటికి సంబంధించిందే."

తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "మా అమ్మమ్మ కూడా తాతయ్య పేరు అనేది కాదండీ," అంది. "కానీ ఆ సంగతి రాయడానికి పరికరంలో గడి లేదు. ఆదివారం మర్నాడు అంటే అది ఆదివారం అనే తీసుకుంటుంది. తేదీ వేసేది కూడా అదే, నేను కాదు. ఆరు రోజులుంది కదా, నేర్పించండి."

పోయిన మనిషికి కొత్త మాట నేర్పడం గురించి శాఖలో ఎవరికైనా అనుభవం ఉందా అని అడిగాను. లేదంది. బతికున్న మొగుళ్ళకి కూడా లేదని నేను చెప్పలేదు.


లాగ్ 1909. గురువారం.

రెండు రోజులుగా పాఠం చెబుతున్నాను.

"సో అను."

"సో."

"మ అను."

"మ."

"రెండూ కలిపి అను."

"మసో."

"పేరిందేవీ, ఇది నవ్వులాట కాదు. పరీక్ష తప్పితే నిన్ను మార్చేస్తారు."

"మార్చనీండి. ముప్ఫయ్యేళ్ళు మీ వల్ల కానిది వాళ్ళ వల్ల అవుద్దా?"

"దావీదు తాతని చూశావా ఏమైపోయాడో?"

"విన్నాను. ఆయన్ని ఎవరో మర్యాదస్తుణ్ణి చేశారు. పాపం."

"అట్లా చేస్తారు నిన్ను కూడా. ఒక్క మాటే కదా."

"పేరు నోట్లోంచి వత్తే మీ ఆయుష్షు తగ్గుద్దని మా అమ్మ చెప్పింది. నిజమో అబద్ధమో మీ మీదే ప్రయోగం చేసి చూడమంటారా?"

ప్రయోగం అన్న మాట ఉంది కాబట్టి దీన్ని సాంకేతికం కింద రాశాను.

ఇక్కడ ఒక సంగతి రాసుకోవాలి. ఈ పెట్టె మా ఆవిడ మొత్తం కాదు. మూడు విషయాల మీద రోజూ పావుగంట చెప్పిన కబుర్లు, వాటి మధ్య దొర్లిన మాటలు, అంతే. "అన్నం తిన్నారా" అని పెట్టె నన్నెప్పుడూ అడగదు. అది వంటింటి మాట, పెట్టె ముందు అన్నది కాదు. నాకు మిగిలింది తలుపుల మీద, నాయకుల మీద, సినిమాల మీద ఆవిడ అభిప్రాయాలు. రెండేళ్ళుగా వాటితోనే కాపురం చేస్తున్నాను. అందులోంచి కూడా తీసేస్తే పీట వేసుకుని ఎవరి ముందు కూచోవాలో తెలీదు.

విసుగొచ్చి అడిగాను. "నువ్వు పోయావు కదే. ఇంకా ఈ పట్టింపులేమిటి?"

"పోయింది నేను," అంది. "మీరు కాదుగా."


లాగ్ 1911. శనివారం.

ఆ మాట రెండు రోజులు నా వెనకాలే తిరిగింది. ఇవాళ యాకోబుని పిలిచి చెప్పాను.

"నీకేవన్నా మతి పోయిందా సోమన్నా? బతికున్నోణ్ణి పట్టుకుని పోయాడని చెప్పమంటావా, అదీ వదినతో?"

"నేను చెబితే నమ్మదు కదరా."

"నవ్వొచ్చే మాట కాదది. ఇంకోళ్ళని చూసుకో."

"మీ నాన్న బీడీ ఎవరి ముందు పెడుతున్నావు ఇవాళ?" అన్నాను.

అలా అనాల్సింది కాదు. యాకోబు కండువాతో మొహం తుడుచుకుని లోపలికి నడిచాడు. నేను చెప్పులు విడిచి, తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"వదినా."

"యాకోబా? ఏంది, ఈయన రాలేదేం పొద్దున్నించీ? ప్రశ్నలు రాలేదా?"

"అన్న పోయాడు వదినా."

పెట్టె దీపం పసుపు రంగులోకి మారింది. ఆలోచిస్తోందని గుర్తు. ఎక్కువలో ఎక్కువ నాలుగు సెకన్లు ఉంటుంది. నేను అరవై దాకా లెక్కపెట్టి మానేశాను.

"ఎట్టా?"

ఇది మేం అనుకోలేదు. యాకోబు నా వైపు చూశాడు. నేను చేతులతో ఏదో చూపించాను. పడవ తిరగబడ్డట్టు చూపించాననుకున్నాను.

"మెట్ల మీంచి జారి," అన్నాడు యాకోబు.

"చెప్తానే ఉన్నా," అంది మా ఆవిడ. "ఆ మూడో మెట్టుకి చెక్క కొట్టించమని. రాజకీయం అడిగినా అదే చెప్పా, సాంకేతికం అడిగినా అదే చెప్పా. రాసుకుని పంపేశాడు గానీ కొట్టించలా."

నిజమే. పాత లాగ్‌లు తీసి చూశాను. మూడో మెట్టు గురించి పదకొండుసార్లు ఉంది. పదకొండుసార్లూ నా చేత్తోనే రాసి శాఖకి పంపాను.


లాగ్ 1912. ఆదివారం.

యాకోబు ప్రశ్నలు చదివాడు. పదహారో పెట్టె దేనికీ జవాబు చెప్పలేదు. మూడు గడులూ ఖాళీగా పంపాం. దీపం రోజంతా పసుపుగానే ఉంది.

మధ్యాహ్నం గది ముందు మూడో మెట్టుకి చెక్క కొట్టాను. చప్పుడు లోపలికి వినపడుతుందని మేకుల మీద గోనెపట్టా వేసి కొట్టాను.


లాగ్ 1913. సోమవారం.

మేడం పదింటికి వచ్చింది. నేను లోపలికి వెళ్ళలేదు, కిటికీ బయట నిలబడ్డాను. గొంతు బాగోలేదని చీటీ రాసి ఇచ్చాను. గొంతుల గది చూసుకునేవాడికి గొంతు పోయిందంటే ఆమె జాలిపడింది.

"మీ పేరు?"

"పేరిందేవి."

"కాలనీ?"

"కట్ట కాలనీ."

"ఈ రోజు ఏ వారం?"

దీపం పసుపైంది. కిటికీ ఊచ నా చేతిలో తడిసిపోయింది. చెప్పవే అనుకున్నాను. వద్దులేవే అని కూడా అనుకున్నాను. ఒకే ఊపిరిలో రెండూ అనుకోవచ్చని నాకు ఇవాళే తెలిసింది.

"సోమవారం," అంది.

ఆకుపచ్చ దీపం. మేడం టిక్కు పెట్టుకుని పదిహేడో పెట్టె దగ్గరికి వెళ్ళిపోయింది.

పదహారో పెట్టె ఆగలేదు. ఎవరూ అడక్కుండానే, చిన్నగా, కొత్త గాజులు తొడుక్కుని చూసుకున్నట్టు అంది.

"సోమ. సోమలింగం. సోమలింగం."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ గొంతులో నా పేరు వినడం ఇదే మొదలు. బాగుంది పేరు. పలకాలంటే నేను లేను.


లాగ్ 1917. శుక్రవారం.

పరీక్షలు అయ్యేసరికి ఇరవై మూడింట్లో పద్నాలుగు సర్దుబాటయ్యాయి. పొద్దున యాకోబు తలుపు తీయగానే పద్నాలుగు గొంతులూ ఒక్కసారి శుభోదయం అంటున్నాయి. ఆడ గొంతులు, మగ గొంతులు, ముసలి గొంతులు, అన్నిటికీ ఒకే మనిషి. వినోదం కింద ఎవరి సినిమా వాళ్ళకి కావాలంటున్నాయి. ధన్యవాదాలు చెబుతున్నాయి.

రాజకీయం కింద ఇవాళ్టి ప్రశ్న: గొంతుల పరీక్ష ఆరు నెలలకి కాకుండా నెల నెలా పెడితే మంచిదేనా? పద్నాలుగూ మంచిదే అన్నాయి. నేనెరిగి గదిలో ఇంత ఐకమత్యం ఎప్పుడూ లేదు. కాలనీలో చాలామంది ప్రశ్న చదవకుండానే ఔనని నొక్కారట. సాయంత్రానికి ఆమోదం వచ్చింది.

నేను రోజూ వస్తున్నాను. చెప్పులు బయట, నోరు మూసి. ఉప్పు తుడిచి, కుండలు నింపి, పీట మీద కూచుంటాను. ప్రశ్నలు యాకోబు చదువుతాడు. దెయ్యాలకి పాదాలు వెనక్కి ఉంటాయని చిన్నప్పుడు మా మాస్టారు భయపెట్టేవాడు. నావి ముందుకే ఉన్నాయి. మిగతా లక్షణాలన్నీ కుదిరాయి.

మా ఆవిడ ఇప్పుడు ప్రతిదానికీ నా పేరు వాడుతోంది. ముప్ఫై ఏళ్ళ బాకీ ఒక్కసారి తీర్చుకుంటున్నట్టుంది.

"ఇంటి కప్పు మీద గాలిమర పెట్టడమా? సోమలింగం ఉంటే పెడతానని చెప్పి ఆర్నెల్లు మంచం కింద దాచేవాడు."

"ఆ నాయకుడి మాట సోమలింగం నమ్మాడు. సోమలింగం ఎవరినైనా నమ్ముతాడు."

ఇంకోటి కూడా అంది. యాకోబు రాయడానికి మొహమాటపడితే నేనే పుస్తకం లాక్కుని రాశాను.

"సోమలింగం సోమరిపోతు, యాకోబూ. అనాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఇప్పుడు అంటే ఏం బాగోలేదు."


లాగ్ 1919. ఆదివారం.

వినోదం: పాత నాటకాలు మళ్ళీ వేయాలా?

"వేసినా ఎవరితో చూడను? సోమలింగం మొదటి అంకంలోనే నిద్రపోయేవాడు. ఆ గురక పక్కనుంటేనే నాకు నాటకం అర్థమయ్యేది."

నేను బయటికొచ్చి, కట్ట దిగి, సముద్రం ఒడ్డున కాసేపు గట్టిగా దగ్గి వచ్చాను. నాలుగు రోజులుగా దాచుకున్న దగ్గు. దెయ్యాలకి ఉప్పుగాలి పడదని ఎవరూ చెప్పలేదు.


లాగ్ 1920. ఆదివారం మర్నాడు.

పొద్దున యాకోబు ప్రశ్నలు చదువుతున్నాడు. నేను పదహారో పెట్టె తుడుస్తున్నాను. సాంకేతికం కింద ఏదో తనంతట తాను ఊడ్చుకునే వాకిలి గురించి.

"వాకిలి ఊడ్చుకుంటే నేనేం చెయ్యను? పొద్దున్నే లేచి చీపురు చప్పుడు చేస్తేగానీ ఆ మనిషి లేచేవాడు కాదు. ఇదిగో, సోమలింగం..."

అలవాటు లేని మాట. అందుకే కాచుకోలేకపోయాను.

"ఊఁ," అన్నాను.

యాకోబు చేతిలో కాగితం అలాగే ఆగింది. నా చేతిలో గుడ్డ ఆగింది. దీపం పసుపైంది. పద్నాలుగు పెట్టెల్లో ఏదో ఒకటి శుభోదయం అంది, మిగతావి అందుకున్నాయి, తర్వాత అవీ ఆగాయి. కుండలోంచి నీళ్ళబొట్టు పడటం వినిపించింది.

యాకోబు మాట మారుద్దామని గబగబా అడిగాడు. "వదినా, వదినా, ఇవ్వాళ ఏ వారం చెప్పు?"

దీపం ఇంకా పసుపే.

"ఆదివారం మర్నాడు," అంది.

యాకోబు నా వైపు చూడలేదు. పుస్తకంలో తలదూర్చి ఏదో రాస్తున్నట్టు నటించాడు.

"యాకోబూ," అంది మళ్ళీ. గొంతు కొంచెం వేరేగా ఉంది, పక్క గదిలో ఎవరో ఉన్నప్పుడు మాట్లాడే గొంతు. "ఆ తుడిచే ఆయన్ని గుడ్డ పొడిగా ఉందో లేదో చూసుకోమను. తడిగుడ్డ పెడితే నాకు జలుబు చేత్తది. ఇంకా, ఆ మూడో మెట్టు సంగతి కూడా చూడమను."

చూశాననీ, చెక్క కొట్టాననీ చెప్పాలనిపించింది. చెప్పలేదు. అది చెబితే మిగతావన్నీ చెప్పాలి.

గుడ్డ చూసుకున్నాను. తడిగానే ఉంది. ఎక్కడ తడిసిందో నాకు తెలీదు. మార్చుకుని తుడిచాను.

శాఖ కాగితం సాయంత్రం వచ్చింది. తర్వాతి పరీక్ష వచ్చే నెల. మళ్ళీ ఆ రోజే పడింది. అప్పటికి నేను ఇంకోసారి చచ్చిపోవాలి. ఈసారి మెట్లు కాకుండా ఇంకేదన్నా ఆలోచించి పెట్టమని యాకోబుతో చెప్పాను. మా ఆవిడ నమ్మే చావు దొరకడం కష్టం, అన్నాడు.